అవామ్ గుడి ప్రాకారం (మారిబ్, యెమెన్): కొలతలు, కట్టుబడి, శాసనాలు

చరిత్ర చదువరి
మారిబ్ పక్కన సబా రాజ్యం నాటి అవామ్ గుడి ఉంది కదా, అక్కడివాళ్ళు మహ్రమ్ బిల్కీస్ అంటారు. అల్మకహ్ దేవుడి ప్రధాన క్షేత్రం. దాని కోడిగుడ్డు ఆకారపు రాతి ప్రాకారం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. మూడు విషయాల్లో సాయం కావాలి. పొడవు 757 మీటర్లు, ఎత్తు 13 మీటర్లు అని ఎక్కడ చూసినా ఉంది, కానీ ప్లాన్ చూస్తే అంత పెద్దగా అనిపించడం లేదు. రెండోది, గోడంతా సబా పాలకుడు యదఇల్ ధరిహ్ ఒక్కడే కట్టించాడా? మూడోది, సున్నం లేకుండా అంత గోడ ఎలా నిలబడింది?

కొలబద్ద
757 మీటర్లు వ్యాసంలో పెట్టకండి. తవ్వకాల ప్లాన్లలో ప్రాకారం సుమారు 100 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు. ఆ కొలతల దీర్ఘవృత్తానికి చుట్టుకొలత 276 మీటర్లు వస్తుంది. గోడ పక్కా దీర్ఘవృత్తం కాదు కాబట్టి 275 నుంచి 300 మధ్య అని రాస్తే సరిపోతుంది. చుట్టుకొలత నిజంగా 757 మీటర్లు కావాలంటే, ఇదే ఆకారంలో ఆవరణ 274 మీటర్ల పొడవు, 205 మీటర్ల వెడల్పు ఉండాలి. ఉపగ్రహ చిత్రం తెరిచి కొలత గీత పెడితే అర నిమిషంలో తేలిపోతుంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఈశాన్యం వైపు ప్రాకారానికి అంటుకుని స్తంభాల హాలు ఉంది, దాని ముందు ఎనిమిది ఏకశిలా స్తంభాల వరస ఉంది. వాటిని కలిపితే పొడవు తప్పుతుంది. గోడ రెండు కొసలూ ఆ హాలుకు వచ్చి ఆనుతాయి, అంటే హాలు నిలిచిన మేర ప్రాకారం లేదు. అక్కడ కొలత ఆపాలి. నైరుతి, దక్షిణం వైపు గోడ బయట శ్మశానం ఉంది, దాని కట్టడాలు కూడా పైనుంచి చూస్తే గోడ ముక్కల్లాగే కనిపిస్తాయి.

ఎత్తు సంగతి వేరు. ఇసుక ఒక్కో చోట ఒక్కో మట్టంలో ఉంటుంది, పై వరసలు కొన్ని చోట్ల పోయాయి. "ఇసుక పైన కనిపించేది" అంటున్నారా, "పునాది నుంచి" అంటున్నారా అన్నది చెప్పకుండా ఎత్తు రాస్తే ఆ అంకెతో పాఠకుడికి ఏమీ తెలియదు.

రాతిమేస్త్రి
కట్టుబడి గురించి చెబుతాను.

ఇది ఒకే మందపు రాతిగోడ కాదు. బయటొక ముఖం, లోపలొక ముఖం, రెండూ చెక్కిన సున్నపురాయి. నడుమ చెక్కని రాళ్ళు, మట్టి నింపారు. మొత్తం మందం నాలుగు మీటర్ల చుట్టుపక్కల. రెండు ముఖాలనూ నింపుడుతో కలిపి పట్టేది అడ్డంగా లోపలికి దూరిన బాండు రాళ్ళు. ఇవి లేకపోతే మీటరు కంటే తక్కువ మందం ఉన్న రెండు విడి గోడల మధ్య మట్టి పోసినట్టే. నింపుడు జారి సర్దుకునే కొద్దీ ముఖాలను బయటికి తోస్తుంది, గోడ పొట్ట వేస్తుంది.

రాయి ముందు ముఖం చూస్తే పనివాడి లెక్క అర్థమవుతుంది. నాలుగు అంచుల వెంబడి సన్నటి పట్టీ నున్నగా, మట్టంగా చెక్కారు. మధ్య భాగం మొన ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టి వదిలేశారు. ఆ ముఖం అలంకారమే, అయితే అందులో పని పొదుపు కూడా ఉంది. అతుకు బిగువుగా కూర్చోవాలంటే అంచులు నిక్కచ్చిగా ఉంటే చాలు. మేస్త్రి దారం పట్టి చూసేదీ ఆ పట్టీనే, కాబట్టి మధ్యలో ఒక చుక్క లోతుగా పడినా వరస చెడదు. పట్టీ వెడల్పు, చుక్కల సన్నదనం కాలంతో మారుతూ వచ్చాయి. 1950లలో పురావస్తు శాస్త్రవేత్త గస్ వాన్ బీక్ ఈ తేడాల మీదే దక్షిణ అరేబియా రాతిపనిని కాలాల వారీగా విడదీశాడు.

ఇక వంపు. చాలామంది ప్రతి రాయినీ వంచి చెక్కారనుకుంటారు. అక్కర్లేదు. 100 × 75 దీర్ఘవృత్తంలో కొసల దగ్గర వంపు వ్యాసార్ధం 28 మీటర్లు, పక్కల దగ్గర 67 మీటర్లు. మీటరు పొడవు రాయి తిన్నగా ఉన్నా, కొస దగ్గర అసలు వంపుకూ రాయికీ తేడా నాలుగున్నర మిల్లీమీటర్లే. పక్కల దగ్గర రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. కంటికి ఆనదు. మారాల్సింది రాయి వెనక భాగం. అర మీటరు లోతున్న రాయిని కొస దగ్గర పెట్టాలంటే వెనక వెడల్పు ముందు కంటే 18 మిల్లీమీటర్లు తగ్గాలి. అది తగ్గించకపోతే పక్కపక్క రాళ్ళ వెనక మూలలు మొదట ఒకదానికొకటి తగిలి, ముందు వైపు అతుకు నోరు తెరుస్తుంది. అందుకే వెనక వైపు కావాలనే గరుకుగా, కాస్త సన్నగా కొట్టి వదిలేస్తారు.

చరిత్ర చదువరి
మేస్త్రిగారూ, రాయి ఎక్కడిది?

రాతిమేస్త్రి
మారిబ్‌కు పడమర ఉన్న జబల్ బలక్ కొండలది. వాది ధన అనే వరద వాగు ఆ కొండల్ని చీల్చుకుని బయటికి వచ్చే చోటే మారిబ్ ఆనకట్ట కట్టారు. ఆనకట్ట తూములకూ అక్కడి రాయే వాడారు.

తొలిలిపి
రెండో ప్రశ్నకు జవాబు: ఒక్కడే కాదు. ఈ సంగతి ఆ గోడే చెబుతుంది.

మొదలుపెట్టినవాడు యదఇల్ ధరిహ్, క్రీ.పూ. 7వ శతాబ్దం. గోడ మీది పెద్ద శాసనం సంకలనాల్లో సి.ఐ.హెచ్. 957 అనే సంఖ్యతో ఉంటుంది. "సుమ్హుఅలీ కొడుకు యదఇల్ ధరిహ్, సబా ముకర్రిబ్, అల్మకహ్ ఇల్లైన అవామ్‌కు ప్రాకారం కట్టించాడు, అథ్తర్‌కు బలి ఇచ్చినప్పుడు" అని దాని సారం. ముకర్రిబ్ అంటే తొలి సబా పాలకుల బిరుదు, అథ్తర్ ఇంకో దేవుడు. ఇదే రాజు సిర్వాహ్‌లోని అల్మకహ్ గుడికీ వంపు తిరిగిన ప్రాకారం కట్టించి, ఇలాంటి మాటలతోనే శాసనం వేయించాడు (సి.ఐ.హెచ్. 366). సిర్వాహ్ మారిబ్‌కు పడమరగా 40 కిలోమీటర్ల దూరం. రెండు శాసనాలూ పక్కపక్కన పెట్టి చదివితే, గుడికి ప్రాకారం కట్టడమంటే ఆయనకు బలి, పొత్తు, రాజ్యం అన్నీ కలిసిన ఒక క్రతువు అని స్పష్టమవుతుంది.

తర్వాతి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1951-52లో అక్కడ తవ్వకాలు జరిపిన అమెరికన్ వెండెల్ ఫిలిప్స్ బృందంతో వెళ్ళిన శాసనవేత్త ఆల్బర్ట్ జామ్ చదివినవాటిలో, ఆయన సంఖ్యల ప్రకారం 550 నుంచి మొదలయ్యే శాసనాల్లో కొన్ని ఈ గోడ మీదివే. అవి రాజులు వేయించినవి కావు. పెద్ద అధికారులు వేయించినవి. "ఈ శాసనం గీత నుంచి పై అంచు దాకా ఉన్న కట్టడమంతా అల్మకహ్‌కు సమర్పించాను" అనే తీరులో ఉంటాయి. అంటే శాసనం ఉన్న వరసే ఒక హద్దు. దాని కింద ఉన్నది అంతకుముందు వాళ్ళది, పైన ఉన్నది ఈయనది. పైగా తాను ఏయే రాజుల దగ్గర కొలువు చేశాడో ఆ అధికారి వరసగా చెబుతాడు, కాబట్టి ఆ పై వరసల కాలం పట్టుకోవడానికి ఆధారం గోడలోనే దొరుకుతుంది.

కాబట్టి "7వ శతాబ్దపు గోడ" అని ఒక్క ముక్కలో రాయకండి. 7వ శతాబ్దంలో మొదలై, తరాల తరబడి పైకి లేపిన గోడ అని రాయండి.

కొలబద్ద
తొలిలిపిగారూ, అలాంటప్పుడు రాతిపనిలో కూడా ఆ హద్దు దగ్గర తేడా కనిపించాలి కదా?

తొలిలిపి
వెతకాల్సిన పద్ధతి అదే. అయితే శాసనాన్ని రాతిపనితో కలిపి చూడాలి, ఏ ఒక్కదాని మీదా ఆధారపడితే పొరపాటు వస్తుంది. అక్షరాల తీరు ఒక ఆధారం. ముస్నద్, అంటే ప్రాచీన దక్షిణ అరేబియా లిపి, తొలి కాలపు అక్షరాలు గీత గీసినట్టు ఉంటాయి, ఎత్తు వెడల్పులు ఒక నిష్పత్తిలో, గీతల మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. తర్వాతి కాలంలో గీతల కొసలు వెడల్పై, వంపులు తిరిగి, చివరికి అలంకారం ఎక్కువైపోతుంది. పట్టీ వెడల్పు, మధ్య చుక్కల తీరు రెండో ఆధారం. మూడోది వరసల ఎత్తు. ఒక వరస దగ్గర రాయి ఎత్తు ఉన్నట్టుండి మారి, ఆ మార్పు పదుల మీటర్ల పొడవునా అలాగే సాగితే అక్కడ పని ఆగి మళ్ళీ మొదలైనట్టు. నాలుగైదు రాళ్ళకే పరిమితమైతే అది మరమ్మతు.

చరిత్ర చదువరి
ముస్నద్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ శాసనాల్ని ఎలా మొదలుపెట్టాలి? వ్యాసంలో ఒక పేరా పెడదామని.

తొలిలిపి
29 హల్లులు. అచ్చులు రాయరు. పదానికీ పదానికీ నడుమ నిలువు గీత ఉంటుంది, కొత్తవాళ్ళు మొదట పట్టుకోవాల్సింది ఆ గీతనే. ఒకే పంక్తి శాసనమైతే కుడి నుంచి ఎడమకు. తొలి కాలపు బహుళ పంక్తుల శాసనాల్లో ఒక పంక్తి కుడి నుంచి, తర్వాతిది ఎడమ నుంచి, ఎద్దు దున్నినట్టు తిరిగి తిరిగి వస్తుంది. అక్షరాలు కూడా దిక్కుకు తగ్గట్టు తిరగబడతాయి. కాబట్టి అక్షరం ఎటు చూస్తోందో ముందు చూసుకుని ఆపైన చదవాలి. తర్వాత "బ్న్" అన్న రెండక్షరాల కోసం వెతకండి. కొడుకు అని అర్థం. దానికి ముందు కట్టించినవాడి పేరు, తర్వాత తండ్రి పేరు. అక్కడి నుంచి మిగతాది దారిలో పడుతుంది.

పీసా విశ్వవిద్యాలయం వాళ్ళ డాసి అనే ఉచిత శాసన భాండారం అంతర్జాలంలో ఉంది. అందులో శాసనం సంఖ్యతోనే వెతకండి. రాజు పేరుతో వెతికితే అదే పేరున్న వేరే రాజుల శాసనాలన్నీ వచ్చి పడతాయి. యదఇల్, సుమ్హుఅలీ, కరిబ్‌ఇల్ పేర్లు సబా వంశంలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. పక్కనుండే బిరుదు, తండ్రి పేరు రెండూ కలిస్తేనే మనిషి తేలతాడు.

ఎస్తేరు_గుంటూరు
ఒక సందేహం అండి. మన బైబిల్లో సొలొమోను దగ్గరికి వచ్చిన షేబదేశపు రాణి ఈ గుడి రాణేనా? బిల్కీస్ పేరు గుడికే ఉంది కదా.

తొలిలిపి
ఎస్తేరుగారూ, షేబ అంటే సబాయే. కానీ సొలొమోనును క్రీ.పూ. 10వ శతాబ్దంలో పెడతారు, ఈ ప్రాకారం 7వ శతాబ్దంలో మొదలైంది. నడుమ మూడు వందల ఏళ్ళ దూరం. బిల్కీస్ అన్న పేరు బైబిల్లో లేదు, ఖురాన్‌లోనూ లేదు. తర్వాతి ఇస్లామీయ సంప్రదాయంలో వచ్చింది. ఆ పేరే స్థానికుల నోట ఈ శిథిలానికి అంటుకుంది. మారిబ్ దగ్గరే ఉన్న బరాన్ గుడిని "అర్ష్ బిల్కీస్", అంటే బిల్కీస్ సింహాసనం అంటారు, అదీ అల్మకహ్ గుడే. అవామ్‌లో దొరికిన శాసనాల్లో రాజులున్నారు, సేనానులున్నారు, వాన కోసం మొక్కుకున్న మారిబ్ ఊరి ఆడవాళ్ళున్నారు. ఏలికగా రాణి మాత్రం లేదు.

ఇసుకమేట
ఇప్పుడు గోడకు ఏది ముప్పో ఎవరూ ఎత్తలేదు. అది ఈ చర్చలో ఉండాలి.

మొదటిది ఇసుక ఒత్తిడి. ప్రాకారం లోపలి భాగం చాలావరకు తవ్వలేదు, ఇసుకతో నిండి ఉంది. పొడి ఇసుక ఐదు మీటర్ల ఎత్తున పేరుకుంటే మీటరు పొడవు గోడను దాదాపు ఆరున్నర టన్నుల బలంతో పక్కకు తోస్తుంది. ఎత్తు రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. బయట ఇసుక ఉన్నంత కాలం రెండు వైపులా సరితూగుతుంది. పైగా గుండ్రటి గోడను బయటి నుంచి నొక్కితే రాళ్ళు ఒకదానికొకటి బిగుస్తాయి. లోపలి నుంచి తోస్తే అతుకులు విడతాయి, సున్నం లేని గోడకు పట్టి ఆపే శక్తి లేదు. గోడ ముఖం అందంగా కనబడాలని బయట ఒక్కవైపే ఇసుక తీసేయడం అందుకే ప్రమాదం. తీస్తే రెండు వైపులా, అర మీటరు చొప్పున, సమంగా దిగాలి.

రెండోది రాళ్ళు పీకడం. 1947లో ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త అహ్మద్ ఫఖ్రీ మారిబ్ వెళ్ళినప్పటికే పాత కట్టడాల రాళ్ళు కొత్త కట్టడాలకు పోతున్నాయి. పై వరస రాళ్ళు తీసుకుపోతే నష్టం ఆ రాళ్ళతో ఆగదు. నింపుడుకు మూత పోతుంది. అరుదుగానైనా అక్కడ కురిసే వాన గట్టిది. నీళ్ళు నేరుగా నడిమి మట్టిలోకి దిగి, మట్టిని కిందికి లాగి, రెండు ముఖాల మధ్య ఖాళీ చేస్తాయి. కొన్నేళ్ళకు ముఖం రాళ్ళు గుంపుగా జారిపడతాయి. పై వరస పోయిన చోట పొట్ట వేసిందేమో చూడాలి.

మూడోది ఉప్పు. మారిబ్ పొలాలు వేల ఏళ్ళ వరద సాగు ఒండ్రు మీద ఉన్నాయి, దక్షిణపు మాగాణిలో ఆ ఒండ్రు 30 మీటర్ల దాకా మందం. బరాన్ గుడి చుట్టూ పొలం మట్టం పెరుగుతూ పోతే ఆ గుడిని మళ్ళీ మళ్ళీ ఎత్తుకట్టి కట్టుకున్నారు. ఆ మట్టిలో తడి ఉన్న చోట రాయి దాన్ని పీల్చుకుంటుంది. నీరు ఆవిరై ఉప్పు రాయి పైపొర కింద గడ్డకడుతుంది, పొర రేకులు రేకులుగా ఊడుతుంది. ఇది ఎక్కువగా ఇసుక మట్టానికి కాస్త పైన, మోకాలెత్తు లోపల జరుగుతుంది. గాలికి ఎగిరే ఇసుక కోసేదీ ఆ ఎత్తులోనే. కింది వరసల్లో శాసనం ఉంటే ముందు పోయేది అదే.

రాతిమేస్త్రి
ఇసుకమేటగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇలాంటి గోడకు సిమెంటు పూయకూడదు. అతుకుల్లో సిమెంటు పోస్తే తడి అతుకుల గుండా బయటికి రాలేదు, రాయి గుండానే రావాలి. అంటే ఉప్పు రాయిలోనే గడ్డకడుతుంది. పైగా సిమెంటు ఆ సున్నపురాయి కంటే గట్టిది. గోడ కదిలినప్పుడు పగిలేది రాయి అంచు. ఆ అంచే నేను చెప్పిన నున్నటి పట్టీ, అదే పోతే ఆ రాయి కాలం చెప్పే ఆధారమూ పోయింది. పైన వాన దిగకుండా ఆపాలంటే నింపుడు మీద చిన్న రాళ్ళు, సున్నం కలిపిన మూత, బయటికి వాలు. అది చెడినా తీసి మళ్ళీ వేసుకోవచ్చు.

కొలబద్ద
యుద్ధం సంగతి కూడా. 2015 మే 31న వైమానిక దాడిలో మారిబ్ పాత ఆనకట్ట ఉత్తరపు తూము దెబ్బతింది. సిర్వాహ్ చాలాకాలం పోరు నడిచిన చోటు. 2023 జనవరిలో యునెస్కో "సబా ప్రాచీన రాజ్య స్థలాలు, మారిబ్" పేరుతో ఏడు చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అదే రోజు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ పెట్టింది. అవామ్ ఆ ఏడింటిలో ఒకటి.

సలాలా తెలుగు
ఒమన్‌లో ఉండే మనవాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటి. 2017 నుంచి భారత పాస్‌పోర్టుతో యెమెన్ వెళ్ళాలంటే కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక అనుమతి కావాలి, కాబట్టి మారిబ్ ఆలోచన పక్కన పెట్టండి. ఈ దక్షిణ అరేబియా రాతిపనిని దగ్గరగా చూడాలంటే సలాలాకు తూర్పున, తాకా దాటాక, ఖోర్ రోరీలోని సుమ్‌హురమ్ చాలు. అది సబా వాళ్ళది కాదు, హద్రమౌత్ రాజ్యం సాంబ్రాణి రేవు. కాలం కూడా అవామ్ ప్రాకారం కంటే తర్వాతిది. కానీ రెండు ముఖాలూ నడుమ నింపుడూ ఉన్న గోడ పద్ధతి అదే. కోట ద్వారం దగ్గర దారి మలుపులు తిరుగుతుంది, అక్కడి గోడల్లో ముస్నద్ శాసనాలు కట్టిన చోటే ఉన్నాయి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో చూడండి. మధ్యాహ్నం నిలువు ఎండలో లోతు తక్కువ అక్షరం కనపడదు.

తొలిలిపి
ఫొటో తీసేవాళ్ళకు: నేరుగా ఒకటి, ఎడమ నుంచి వెలుగు పడేటప్పుడు ఒకటి, కుడి నుంచి పడేటప్పుడు ఒకటి. ఒక్క వెలుగులో తీస్తే పదాలను విడదీసే నిలువు గీతకూ పగులుకూ తేడా తెలియదు. పక్కన కొలత పట్టీ పెట్టండి, రాతిని తాకించకండి. అక్షరాలు తెల్లగా కనబడాలని సుద్ద రాయడం, నీళ్ళు చల్లడం వద్దు, ఇసుకమేటగారు చెప్పిన ఉప్పును నీళ్ళు కదిలిస్తాయి.

చరిత్ర చదువరి
అందరికీ కృతజ్ఞతలు. వ్యాసంలో చుట్టుకొలత "275 నుంచి 300 మీటర్లు" అని, కట్టుబడి "యదఇల్ ధరిహ్ మొదలుపెట్టగా తర్వాతి తరాల అధికారులు పైకి లేపిన గోడ" అని మారుస్తున్నాను. చివరిగా ఒకటి: గుడి ఎప్పటి దాకా వాడుకలో ఉంది?

తొలిలిపి
క్రీ.శ. 4వ శతాబ్దం దాకా. అప్పటికి సబా పొరుగు రాజ్యమైన హిమ్యరు రాజుల చేతిలో ఉంది. ఆ శతాబ్దం చివర్లో హిమ్యరు రాజులు ఏకేశ్వరారాధనకు మళ్ళాక అల్మకహ్‌కు మొక్కుబడి శాసనాలు ఆగిపోతాయి. అంటే ఈ ప్రాకారం దాదాపు వెయ్యేళ్ళు పూజలున్న గుడిని కాపాడింది. హాలులో దొరికిన శాసన పీఠాల్లో ఎక్కువ భాగం ఆ చివరి మూడు నాలుగు శతాబ్దాలవి. వాటి పైన కంచు విగ్రహాల పాదాలు దిగే గుంటలు, కొన్నిట్లో సీసం ఆనవాళ్ళు ఉంటాయి. గోడ శాసనాలనూ ఈ పీఠాల శాసనాలనూ వ్యాసంలో కలపకండి, నడుమ చాలా శతాబ్దాల తేడా ఉంది.

కొలబద్ద
వ్యాసానికి ప్లాన్ గీసేటప్పుడు ఉత్తరం గుర్తు, కొలత గీత రెండూ పెట్టండి. తవ్విన భాగం నిండు గీతతో, ఇసుక కింద ఉన్న భాగం చుక్కల గీతతో వేయండి. గీసి ఇక్కడ పెడితే హాలు దగ్గర గోడ కొసలు సరిగా పడ్డాయో లేదో నేను చూస్తాను.